గత్తర బండి

మొన్న వానలకు ముందర ఆరోగ్య కార్యకర్త అమ్మాయి మా వీధికి వచ్చి, ఇంటింటికీ ఉప్పూ చక్కెరా కలిపిన పొట్లాలు పంచి, నీళ్ల ట్యాంకులో తెల్లపొడి వేయించి, మా గోడ మీద ఎర్రరంగుతో "నీళ్లు మరగించి తాగండి" అని రాయించి పోయింది. యాభై దాటాక రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు కాబట్టి, గోడ మీద ఏది కనబడినా కూడబలుక్కుని చదివేదాకా నాకు తోచదు. ఆ మాటలు చదివి అరుగు మీద అట్లాగే కూచుండిపోయాను. పోతూ పోతూ ఆ పిల్ల, "అమ్మమ్మా, నీళ్లు కాస్తున్నవా లేదా?" అని గద్దించింది. "నీ అమ్మ పుట్టకముందు నుంచి కాస్తున్న బిడ్డా" అన్నాను. ఆ పిల్ల నవ్వి పోయింది గానీ నాకు నవ్వు రాలేదు. గత్తర, అదే కలరా, ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్లు జలదరించేవాళ్లు నా ఈడువాళ్లలో ఇంకా కొందరు ఉండే ఉంటారు. ఈ నాలుగు ముక్కలు వాళ్ల కోసమే.

పోలీసు యాక్షన్‌కు ముందటి ఎండకాలం అది. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ వైపు పోయే బండ్లబాటకు కాస్త ఎడంగా మా అత్తగారి ఊరు. నేను కాపురానికి వచ్చి ఎన్నాళ్లో కాలేదు. మా ఆయనా, ఊళ్లో వయసులో ఉన్న మగవాళ్లలో చాలామందీ కోదాడ దాటి సరిహద్దు అవతలి ఇలాకాకు వెళ్లి తలదాచుకున్నారు. ఊళ్లో మిగిలింది ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు, కదల్లేని వాళ్లు. బాట మీద జీపుల్లో తుపాకులు పట్టుకుని తిరిగేవాళ్లను మేము పేరు పెట్టి పిలిచేవాళ్లం కాదు. "వాళ్లు" అనేవాళ్లం, అంతే. పేరు పలికితే గోడలకు చెవులుంటాయని కాదు, పలికితే వచ్చేస్తారేమోనని. ఊరి బురుజు మీద ఎప్పుడూ ఒక ముసలాయన డప్పు పట్టుకుని కూచునేవాడు. బాట మీద దుమ్ము లేస్తే డప్పు మోగేది, డప్పు మోగితే ఉన్నవాళ్లం ఉన్నట్టు గుట్టకు పరుగెత్తేవాళ్లం. అందుకని ప్రతి ఇంట్లో గుమ్మం పక్కన ఒక మూట సిద్ధంగా ఉండేది. నాలుగు జొన్నరొట్టెలు, ఇంత మిరపపొడి, ఎండిన సొరకాయ బుర్రలో నీళ్లు. మా అత్త ఆ మూటను వారానికోసారి విప్పి, ఎండిన రొట్టెలు మాకు పెట్టి, కొత్తవి కట్టేది. ఆ రోజుల్లో మేము తాజా రొట్టె తిన్నది తక్కువ.

అన్నిటికన్నా గట్టి కట్టుబాటు మరొకటి ఉండేది. పొద్దు పొడిచాక ఊళ్లో పొగ లేవకూడదు. పొగ లేస్తే ఇక్కడ మనుషులున్నారని, వంటలు వండి ఎవరికో పెడుతున్నారని వాళ్లకు తెలిసిపోతుంది. కోడికూతకు ముందే వంటలన్నీ ముగించి పొయ్యి మీద నీళ్లు చల్లేవాళ్లం. పగటిపూట పసిపిల్లకు కాపడం పెట్టాలన్నా నిప్పు ఉండేది కాదు.

అట్లాంటి ఊరికి గత్తర వచ్చింది. మొదట కుమ్మరి పెద్దాయన. పొద్దున్నే వాంతులతో మొదలై, పొద్దు నెత్తిమీదికి రాకముందే కళ్లు లోతుకు పోయి, వేళ్లు నానిన బట్టలా ముడతలు పడి, మాట సన్నగిల్లి పోయాడు. మర్నాడు ఆయన కోడలు. ఆ తరువాత ఏ ఇంట్లో ఎవరు కక్కుతున్నట్టు చప్పుడైనా మిగతా ఇండ్ల తలుపులు పడిపోయేవి. దాన్ని కూడా మేము పేరు పెట్టి అనేవాళ్లం కాదు. "అమ్మ వచ్చింది" అనేవాళ్లం. బాట మీద వాళ్లు, ఊళ్లో అమ్మ. ఎటు పరుగెత్తాలో తెలియని భయం అది. గుట్టకు పోదామంటే రోగులను మోసేదెవరు, ఊళ్లో ఉందామంటే నీళ్లు తాగితే ఏమో, గాలి పీలిస్తే ఏమో.

సూర్యాపేట నుంచి ఒక కంపౌండరు వచ్చాడు. మందులు పట్టుకుని వస్తుంటే ఎవరికి తీసుకుపోతున్నావని బాట మీద పట్టుకుంటారని, గాజులమ్మేవాడిలా మూట కట్టుకుని, గాజుల కింద సీసాలు దాచుకుని వచ్చాడు. మనిషి సన్నగా, మాటకు ముందు గుటకలు మింగుతూ ఉండేవాడు. మమ్మల్నందరినీ మా పశువుల కొట్టంలో కూచోబెట్టి అన్నాడు: "నేను మళ్ల వస్తనో రానో నాకే ఎరుక లేదు. గందుకని జర చెవి పెట్టి ఇనుండ్రి. నీళ్లు మసిలించి తాగుండ్రి. కక్కిందాని మీద సున్నం పోసి పూడ్సుండ్రి. సచ్చినోళ్ల గుడ్డలు ఇంట్ల ఉంచొద్దు, ఊరి బయటికి దీస్కపోయి కాల్సుండ్రి. రోగం ఆ గుడ్డలల్లనే ఉంటది. ఇగ బాయికి ఒక్కటే చేద, ఒక్కటే చెయ్యి. ఎవలు జూసుకుంటరు?"

మా అత్త నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు నెట్టింది. "మా కోడలు జేస్తది. దానికి నోరు లేదు గాని చేతులున్నయి."

"నోరు లేనిది బాయి కాడ ఏం కావలి గాస్తదే? నీ నోరు కొన్ని రోజులు దానికి అప్పిస్తవా?" అని వెనకనుంచి ఒకావిడ అంటే, చావు ఇండ్ల మధ్య కూచుని కూడా అందరం నవ్వాము. కంపౌండరు కూడా నవ్వాడు. అదే ఆయన మొహంలో నేను చూసిన ఒకే ఒక నవ్వు. మళ్లీ ఆయన రాలేదు. ఏమయ్యాడో ఎవరూ చెప్పలేదు.

నాతో పాటు ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కుదిరారు. చీకటి ఉండగానే పెద్ద కాగుల్లో నీళ్లు మరిగించి, పొద్దు పొడిచేసరికి మంట ఆర్పి, తెల్లారాక ఇంటింటికీ పోసి వచ్చేవాళ్లం. రోగులున్న ఇండ్లలోకి పోవలసి వచ్చినప్పుడు కొంగు ముక్కుకు చుట్టుకుని, గడప దాటే ముందు ఒక్క క్షణం ఆగేదాన్ని. కాళ్లు ముందుకు పడేవి కావు. లోపలినుంచి "నీళ్లు, నీళ్లు" అని సన్నటి గొంతు వినబడితే అప్పుడు పడేవి. ఇక బావి కాడ ఒక్క చేద అంటే పెద్ద పంచాయితే అయింది. ఇన్నాళ్లూ ఎవరి చేద వాళ్లది, ఎవరి తాడు వాళ్లది. "దాని చేతి నీళ్లు మా దేవుడికి పనికిరావు" అన్న ముసలమ్మ ఉంది, "చేద వంచేటప్పుడు మాకు తక్కువ పోస్తున్నవు" అని అలిగిన వదిన ఉంది. ఎండలో తాడు లాగి లాగి అరచేతులు పొక్కులెత్తితే మా అత్త ఆముదం రాసి, "నోరు రాకపాయె, చేతులు గూడ పాయె" అనేది. ఆమె ప్రేమ అట్లాగే ఉండేది.

గుడ్డల దగ్గరే చిక్కు వచ్చింది. కాల్చమన్నాడు కంపౌండరు. పగలు కాలిస్తే పొగ, రాత్రి కాలిస్తే మంట. ఏది లేచినా బాట మీదికి కనబడుతుంది. ఒకటి రెండు ఇండ్లవి సున్నం వేసి పూడ్చారు. తరువాత పూడ్చే చేతులు కూడా మంచాన పడ్డాయి. సరిగ్గా అప్పుడే, అమ్మవారికి కొలువు చేసే బైండ్ల తాత, అమ్మను సాగనంపాలని చెప్పాడు. మీలో చూసినవాళ్లు ఉంటారు. వడ్లాయన, అంటే వడ్రంగి, చిన్న బండి చేస్తాడు, అందులో మట్టిబొమ్మ పెట్టి, పసుపు కుంకుమలు చల్లి, ప్రతి ఇంటి నుంచీ ఒక పాత చేటో, అరిగిన చీపురో, చింకి పాతో వేస్తారు. రోగం అందులో ఎక్కి పోతుందని నమ్మకం. ఆ బండిని డప్పుల మీద ఊరి పొలిమేర దాటించి అవతల వదిలిపెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వస్తారు. ఇక ఆమె అవతలి ఊరిది. అవతలి ఊరివాళ్లు తమ వంతు వచ్చినప్పుడు తమ పొలిమేర దాటిస్తారు.

ఆ ఏడు ఊరి పెద్దలు చింకిపాతలకు బదులు చనిపోయినవాళ్ల గుడ్డలూ బొంతలూ ఆ బండిలోకి ఎత్తారు. గుడ్డలు ఊళ్లోంచి పోవాలన్న కంపౌండరు మాటా నిలబడింది, పొగ లేవకూడదన్న కట్టుబాటూ నిలబడింది, అమ్మా సాగిపోతుంది. అందరి మనసులూ తేలికపడ్డాయి. నేను కూడా మొదట తేలికపడ్డాను. అది బండి వాగు వైపు మళ్లిందని తెలిసేదాకానే.

వాగుకు దిగువన, నేరేడుచర్ల వైపు, మా అక్క అత్తగారి ఊరు. అక్క అప్పుడు పచ్చి బాలింత. ఆ ఊరికి మంచినీళ్ల బావి లేదు. ఎండకాలమంతా వాగు ఇసుకలో చెలిమలు తవ్వుకుని, ఊరిన నీళ్లు చిప్పతో తోడుకుని తాగేవాళ్లు. పైన మా పొలిమేర దగ్గర సన్నటి పాయ ఒకటి పారుతూ కిందికి పోయి ఇసుకలో ఇంకేది. అదే నీరు వాళ్ల చెలిమల్లో ఊరేది. రోగం గుడ్డల్లోనే ఉంటుందన్నాడు కంపౌండరు. ఆ గుడ్డలున్న బండిని ఆ పాయలోనే వదిలి వచ్చారు.

అత్తకు చెప్పాను. ఆమె నా నోరు మూసినంత పని చేసింది. "అమ్మ దాటినంక పొలిమేర దాటుతవానే? ఎనకకు పిలుసుకొస్తవా? నీ అక్క ఒక్కతే, ఈడ ఊరంత ఉన్నది." అది నిజమే. సాగనంపిన తరువాత కొన్నాళ్లు ఎవరూ పొలిమేర దాటరాదు. దాటి తిరిగివస్తే ఆ మనిషి వెంబడే అమ్మ తిరిగి వస్తుంది. ఆ మాటను నేను కూడా నమ్మేదాన్ని. ఇప్పటివాళ్లకు ఇది చెప్పడం కష్టం. తప్పు నమ్మకమని తెలిసి దాటడం వేరు, నిజమని నమ్ముతూ దాటడం వేరు.

మర్నాడు పొద్దున నీళ్లు పోయడం అయ్యాక పిడకల తట్ట నెత్తిన పెట్టుకుని, పొలాల వెంట వంగి వంగి నడిచి వాగులో దిగాను. డొంకలో గాలికి తాటాకు గలగలమంటే జీపు వస్తోందని ఎన్నిసార్లు కూలబడ్డానో. బండి కనబడింది. ఒక చక్రం ఇసుకలో కూరుకుని పక్కకు ఒరిగి ఉంది. కుమ్మరి కోడలి ఎర్రచీర జారి దాని చెంగు నీళ్లలో ఆడుతోంది. బొమ్మ మొహం నా వైపే ఉంది. కాటుక పెట్టిన ఆ కళ్లను చూసి నేను చేతులు జోడించాను, క్షమించమని కాదు, నన్ను చూడవద్దని.

కిందికి చూస్తే కేక పెడితే వినబడేంత దూరంలో కడవలతో ఆడవాళ్లు. "నీళ్లు ముంచకుండ్రి!" అని అరిచాను. నాకు అంత గొంతు ఉందని నాకే తెలియదు. వాళ్ల ఊరి పొలిమేరలో కావలి ఉన్నవాళ్లు వడిసెలలు తీసుకుని గట్టు మీదికి వచ్చారు. ముందర నిలబడ్డవాడు మా అక్క మరిది, అక్క పెళ్లిలో నా వెంటబడి పరాచికాలాడినవాడే.

"ఆడనే ఆగు! ఇంకొక్క అడుగేస్తె రాయి తగుల్తది. సుట్టానివైనా సరే, గత్తర ఊరిదానివి."

"అక్కను పిలువు బావా, నీకు దండం పెడ్త" అన్నాను.

అక్క వచ్చింది. చెవులకు గుడ్డ చుట్టుకుని, ఇంకా సరిగా నడవలేక గట్టు పట్టుకుని వచ్చింది. మా ఇద్దరి మధ్యా వాగు వెడల్పంతా ఇసుక.

"ఏందే సచ్చినదాన, అమ్మ పోయిన బాటల నువ్వెందుకొచ్చినవే?"

"అక్కా, ఆ నీళ్లు తాగకే. సచ్చినోళ్ల గుడ్డలు మీది పాయల పడ్డయి."

"తాగకపోతే బాలెంతను గాలి తాగుమంటవా?"

"మసిలించి తాగు. చెలిమెలు మీదికి తవ్వుకోండ్రి, ఈ బండికి ఎగువన. నేను ఈ గుడ్డలు కాలుస్త. నా దగ్గర నిప్పు లేదు."

గట్టు మీద అందరూ ఒక్కసారి మాట్లాడారు. అక్క మరిది గొంతు అన్నిటికన్నా పైన వినబడింది. "నీకు పిచ్చి లేసిందా? కాలిస్తె పొగ లేస్తది. పొగ జూసి వాళ్లొస్తె మా ఊరు బుగ్గి గాదా?" పూడ్చమన్నారెవరో. ఆ ఇసుకలో జానెడు తవ్వితే నీరే. పైకి లాగి గట్టున పడేయమన్నారు ఇంకొకరు. వాన పడితే మళ్లీ వాగులోకే. అమ్మవారి బండిని ముట్టుకోవడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. నేను వాళ్లను తప్పు పట్టను. నేను కూడా దాని పక్కన నిలబడి ముట్టుకోకుండానే అరుస్తున్నాను.

అక్క వెనక్కి తిరిగి పోయింది. నన్ను వదిలేసి పోయిందనుకున్నాను. అంత భయంలోనూ ఏడుపు వచ్చింది. కాసేపటికి ఆమె పగిలిన కుండపెంకులో, బాలింత గదిలో కాపడానికని దాచుకున్న కుంపటి నిప్పులు బూడిద కప్పి తీసుకుని వచ్చింది. మరిది చెయ్యి అడ్డం పెడితే, "జరుగు. మీ అన్న బిడ్డ తాగేది నా పాలే, నేను తాగేది ఈ నీళ్లే" అంది. ఇసుకలో సగం దాకా నడిచి వచ్చి పెంకును కింద పెట్టి, వెనక్కి వెనక్కి నడిచింది, నా మీదినుంచి కళ్లు తీయకుండా. ఆమె గట్టు చేరాక నేను పోయి తీసుకున్నాను. చిన్నప్పుడు ఒక్క దుప్పటిలో పడుకున్నవాళ్లం. ఆ రోజు ఒకరి నీడ ఒకరి మీద పడకుండా చూసుకున్నాం.

కట్టెపుల్లతో ఆ గుడ్డలను ఒక్కొక్కటే నీళ్లలోంచి ఎత్తి, బండిని దాని నొగ పట్టుకుని పొడి ఇసుక మీదికి లాగాను. నొగ ముట్టుకున్న చెయ్యి అప్పుడే తిమ్మిరెక్కినట్టు అనిపించింది. పిడకలు పేర్చి నిప్పు వేసి ఊదాను. తడిగుడ్డలు కదా, మంట రాలేదు, పొగ వచ్చింది. నల్లగా, లావుగా, తాటిచెట్టంత ఎత్తు లేచింది. ఏ పొగ లేవకుండా మా ఊరు ఇన్నాళ్లు ఎండురొట్టె నమిలిందో ఆ పొగ.

మా ఊరి బురుజు మీద డప్పు మోగింది. ఆ వెంటనే బాట మీద మోటారు చప్పుడు. గట్టు మీదివాళ్లు ఎటువాళ్లు అటు చెదిరిపోయారు. నేను వావిలి పొదలో దూరి బోర్లా పడుకున్నాను. అవతలి పొదలో అక్క కనబడింది, ఒరిగి పడుకుని, పమిట నోట్లో కుక్కుకుని, నన్నే చూస్తోంది. నా కాళ్లు ఎంత వణికాయంటే, పొద కొమ్మలు కదులుతాయని ఆమె చేతితో సైగ చేసింది, ఆపు, ఆపు అని. చేతులతో మోకాళ్లు పట్టుకున్నా ఆగలేదు. చప్పుడు దగ్గరికి వచ్చింది, ఆగినట్టయింది, మనుషుల మాటలు వినబడ్డాయి, మళ్లీ మోగి మిర్యాలగూడ వైపు పోయింది. ఎందుకు దిగలేదో నాకు ఈ రోజుకూ తెలియదు. వల్లకాడనుకుని ఉంటారు. ఆ వేసవిలో వల్లకాటి పొగ లేని ఊరు ఎక్కడుంది గనుక.

గుడ్డలు బూడిదయ్యేదాకా ఉండి తిరిగి వచ్చాను. గుట్టకు పారిపోయి వచ్చిన ఊరంతా మా వాకిట్లో నిలబడి ఉంది. రోగులను మంచాలతో మోసి అలసిపోయినవాళ్లు, పిల్లల ఏడుపులు. బైండ్ల తాత ముందుకు వచ్చి అడిగాడు. "ఎవలు దాటిండ్రు? అమ్మను మళ్ల ఊర్లెకు దెచ్చిందెవలు?"

నేను నోరు తెరవబోయాను. మా అత్త గుమ్మంలోంచి దిగివచ్చి నాకు ముందర నిలబడింది. "నేనే తోలిన. అనేదేందో నన్ననుండ్రి. దానికి నోరు లేదని మీకెరుకనే గద." ఊరంతటినీ నోటితో నడిపించిన మనిషి, ఆ రోజు వాళ్లు అన్నవన్నీ తల దించుకుని పడింది. అందరూ పోయాక నన్ను దొడ్లో నిలబెట్టి నీళ్లు పోసి, నా చీరను కట్టెతో ఎత్తి సున్నపు నీళ్లలో ముంచింది. తెల్లవారుజామున పొయ్యి వెలిగించినప్పుడు తాగే నీళ్లకన్నా ముందు ఆ చీరను మరిగించింది.

ఆ తరువాత కూడా మా ఊళ్లో మరికొందరు పోయారు. పోయిన ప్రతిసారీ జనం నా వైపు చూసేవాళ్లు, నేను మా అత్త వైపు చూసేదాన్ని, ఆమె చేద నా చేతికిచ్చి బావి దగ్గరికి పొమ్మనేది. అక్క ఊళ్లో గత్తర అసలు రాలేదని చెప్పను, ఒకటి రెండు ఇండ్లు చూసింది. అది అక్క ఇంటి గడప మాత్రం తొక్కలేదు. నేను కాల్చినందువల్లనా, వాళ్లు చెలిమలు పైకి తవ్వుకున్నందువల్లనా, అదృష్టమా, నాకు తెలియదు. వానలు పడ్డాక, రాజ్యం మారి బాటలు తెరుచుకున్నాక, అక్క బిడ్డను చంకన వేసుకుని వచ్చి, వాకిట్లోనే నన్ను వాటేసుకుని, ఎంతసేపటికీ వదల్లేదు.

తరువాత సాగర్ కాలువ వచ్చింది. ఆ వాగులో ఇప్పుడు ఎండకాలం కూడా నీళ్లు పారుతాయి, రెండు గట్లూ వరిపొలాలే. చెలిమ అంటే ఏమిటని మనవలు అడుగుతారు. ఏ ఊరూ ఇప్పుడు తన రోగాన్ని పక్క ఊరికి తోలదు, ఆ మేరకు కాలం మంచిదే అయింది. పొగ చూసి ఎవరూ గుట్టలకు పరుగెత్తరు. కానీ ఈ మధ్య ఈ కథ ఎవరికి చెప్పినా, మా పిల్లలకైనా, బడి సార్లకైనా, అంతా నన్ను ధైర్యవంతురాలినంటారు. ఊళ్లో సభ పెడితే శాలువా కప్పుతామంటారు. నేను కాదంటే అణకువ అనుకుంటారు. ఆ పొదలో నా కాళ్లు ఎట్లా వణికాయో కళ్లారా చూసినది మా అక్క ఒక్కతే. పండగలకు కలిసినప్పుడు నన్నెవరైనా పొగిడితే, పక్కనుంచి నా మోకాలి మీద చెయ్యి వేసి మెల్లగా నొక్కేది, ఆపు, ఆపు అన్నట్టు. పోయిన చలికాలం ఆమె కూడా పోయింది. ఇక నేను భయపడ్డానని చెబితే నమ్మేవాళ్లు ఎవరూ లేరు.